బోటు చేతికొచ్చాక మొదలయ్యే లెక్కలు: పసిఫిక్ దీవుల గస్తీ బోట్లతో నా అనుభవం

సైనిక సాయం అనగానే తుపాకులు, ట్యాంకులు, శిక్షణ శిబిరాలు కళ్ళముందు మెదులుతాయి. పసిఫిక్‌లో కొత్తగా స్వతంత్రమైన దీవి దేశాలకు ఆస్ట్రేలియా చేసిన సాయంలో ముఖ్యమైనది మాత్రం ఆయుధం బిగించకుండా అప్పగించిన గస్తీ బోటు. పుచ్చుకున్న పన్నెండు దేశాల్లో సైన్యం ఉన్నవి మూడే: పాపువా న్యూ గినీ, ఫిజీ, టోంగా. మిగతాచోట్ల బోటు నడిపేది పోలీసులు, లేదా ఆ తరహా శాఖ. సైనిక సాయం పద్దులో వచ్చిన బోటును పోలీసు యూనిఫాం వేసుకున్నవాళ్ళు నడుపుతారన్నమాట. ఆ తర్వాత వచ్చే చాలా చిక్కులు ఇక్కడినుంచే మొదలవుతాయి.

నేను ఇంజన్ల వైపు మనిషిని. ఈ బోట్ల రిఫిట్లలో (విప్పి పూర్తిగా బాగుచేసే పెద్ద మరమ్మతుల్లో), అప్పగింతల్లో పనిచేశాను. కాబట్టి ఇందులో దౌత్యం తక్కువ, డీజిల్ ఎక్కువ.

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. 1982 సముద్ర చట్ట ఒప్పందంతో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ (దాదాపు 370 కిలోమీటర్ల) వరకు ప్రత్యేక ఆర్థిక మండలి అనే హక్కు, అంటే ఆ నీళ్ళలోని చేపలూ ఇతర సంపదా ఆ దేశానివే అనే హక్కు గట్టిపడింది. 1979లో స్వతంత్రమైన కిరిబాటి నేల మొత్తం కలిపినా 811 చదరపు కిలోమీటర్లు. ఆ దేశానికి దక్కిన సముద్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. తువాలు అనే ఇంకో దీవి దేశం నేల 26 చదరపు కిలోమీటర్లే. ఆ నీళ్ళలో ట్యూనా ఉంది, దానికోసం వచ్చే విదేశీ పడవలున్నాయి, వాటిని ఆపడానికి ఈ దేశాల దగ్గర ఏమీ లేదు. 1983లో ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్ ప్రభుత్వం గస్తీ బోట్లు ఇస్తామని ప్రకటించింది, 1985లో తయారీ కాంట్రాక్టు ఇచ్చింది. మొదటి బోటు 1987లో పాపువా న్యూ గినీకి వెళ్ళింది. 1997 నాటికి పన్నెండు దేశాలకు 22 బోట్లు చేరాయి. పలావు 1994 అక్టోబరులో స్వతంత్రమైతే 1996లోనే దాని బోటు దానికి అందింది. ఇచ్చేవాళ్ళకూ తమ లెక్కలున్నాయి. 1985లో కిరిబాటి సోవియట్ చేపల సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఎంత కలవరం పుట్టిందో ఆ రోజుల పేపర్లు చూస్తే తెలుస్తుంది.

ఈ మొత్తంలో తెలివైన నిర్ణయం ఏదంటే నేను డిజైనర్లదే అంటాను. యుద్ధనౌక ప్రమాణాలు పక్కనపెట్టి, వాణిజ్య నౌకల ప్రమాణాలతో బోటు కట్టారు. పొడవు 31.5 మీటర్లు, నిండు బరువుతో 162 టన్నులు, గరిష్ఠ వేగం 20 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), 12 నాట్ల వేగంతో పోతే 2,500 నాటికల్ మైళ్ళ దూరం. ఇంజన్లు రెండు, రెండూ క్యాటర్‌పిల్లర్ 3516. పదహారు సిలిండర్ల వి-ఇంజన్, ఒక్కో సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 170 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 190. ఇదే కుటుంబం ఇంజన్లు గనుల ట్రక్కుల్లో, జనరేటర్లలో, టగ్గుల్లో ప్రపంచమంతా నడుస్తాయి. అంటే లైనర్ కావాలన్నా గాస్కెట్ కావాలన్నా ఏ నౌకాదళ గిడ్డంగి దయమీదా ఆధారపడక్కర్లేదు. పైగా 22 బోట్లకూ ఒకే ఇంజను, ఒకే పైపులైను బొమ్మ, ఒకే పార్టు నంబర్లు. ఒక దేశంలో కనిపెట్టిన లోపం మిగతా పదకొండు దేశాలకూ పనికొచ్చే సమాచారం అవుతుంది. ఒక్కో దాత ఒక్కో రకం పాత ఓడ తెచ్చి ఇచ్చే పద్ధతిని దీనితో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. మూడు రకాల ఇంజన్లంటే మూడు రకాల ఫిల్టర్లు, మూడు భాషల మాన్యువళ్ళు, మూడింటికీ కలిపి ఒక్కడే మెకానిక్.

ఇక ప్రక్రియ. ముందు కాగితం. రెండు ప్రభుత్వాల మధ్య అవగాహనా ఒప్పందం కుదురుతుంది. అందులో అందరూ చదవాల్సింది గంభీరమైన మొదటి పేజీ కాదు, ఖర్చుల పంపకం ఉన్న పేజీ. స్థూలంగా ఇలా ఉంటుంది: బోటు, శిక్షణ, సలహాదారులు, పెద్ద రిఫిట్ల ఏర్పాటు ఇచ్చేవాళ్ళ వంతు. సిబ్బంది జీతాలు, తిండి, రోజువారీ డీజిల్, ఒడ్డున ఆఫీసు పుచ్చుకునేవాళ్ళ వంతు. చూడ్డానికి న్యాయమైన పంపకమే. కాకపోతే పుచ్చుకునేవాళ్ళ వంతుకు వచ్చినవన్నీ ప్రతి నెలా నగదు అడిగేవి. బడ్జెట్ కటకటలాడే ఏడాది కోత పడేది ముందు వాటిమీదే. అందుకే తర్వాత తర్వాత ఇంధనానికి కూడా ఆస్ట్రేలియా కొంత సాయం చేయాల్సి వచ్చింది.

ఆ లెక్క ఎంతో చూద్దాం. పాత బోటులో, అంటే ఇప్పటిదాకా చెప్పిన మొదటి తరం బోటులో (కొత్త తరం సంగతి చివర్లో చెప్తాను), రెండు ఇంజన్లూ కలిపి దాదాపు 2,100 కిలోవాట్లు. ఈ తరహా డీజిల్ ఇంజను ఒక కిలోవాట్-గంటకు సుమారు 210 గ్రాముల ఇంధనం తాగుతుంది. పూర్తి వేగంతో గంటకు 440 కిలోలు, అంటే 520 లీటర్ల దాకా. వేగానికి కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 20 నుంచి 12 నాట్లకు దిగితే ఖర్చు ఐదో వంతుకు పడిపోతుంది: గంటకు 110 లీటర్ల చుట్టూ. జనరేటర్ కలుపుకుంటే రోజుకు మూడు వేల లీటర్లు. ఇది చేతిలెక్కే, అలలు, ఎదురుగాలి వస్తే మారుతుంది. అయినా కెప్టెన్ బుర్రలో ఉండాల్సిన లెక్క ఇదే. దొంగ పడవ వెంట ఒక గంట పూర్తి వేగంతో పరిగెత్తితే నాలుగున్నర గంటల గస్తీ డీజిల్ అయిపోతుంది.

కిరిబాటి ఇంకో మెట్టు పైన. రాజధాని తరావా నుంచి తూర్పున ఉన్న కిరితిమాతి దీవికి సుమారు 1,770 నాటికల్ మైళ్ళు. 12 నాట్లతో ఆరు రోజుల పైమాటే. పోయి రావాలంటే 3,500 మైళ్ళు దాటుతుంది, ట్యాంకు 2,500కే సరి. కాబట్టి కిరితిమాతిలో డీజిల్ ఉంటేనే గస్తీ ప్లాను ఉంటుంది. సరుకు ఓడ ఆలస్యమైతే బోటు అక్కడే కట్టేసి కూర్చోవాలి. మ్యాపు మీద గీత గీయడం తేలికే, ఆ గీత చివర ఇంధనం ఎవరు దింపుతారన్నది చూసుకోవాలి.

కాగితం తర్వాత మనుషులు. పాత బోట్ల సిబ్బందికి ప్రధానంగా టాస్మేనియాలోని లాన్సెస్టన్‌లో, ఆస్ట్రేలియన్ మారిటైమ్ కాలేజీలో శిక్షణ నడిచేది: నావిగేషన్, ఇంజన్లు, విద్యుత్తు, వంటగది, అగ్నిమాపకం. శిక్షణలో చేరినవాళ్ళందరూ ఒకే మెట్టు మీద ఉండరు. కొందరు పుట్టినప్పటినుంచి సముద్రం మీదే పెరిగినవాళ్ళు, నక్షత్రాలు చూసి దిక్కు చెప్పగలరు గానీ లాగ్‌బుక్కులో పేరా రాయడానికి తడబడతారు. ఇంకొందరు స్టేషన్ రికార్డులు చక్కగా రాస్తారు, ఇంజన్‌రూం మెట్లు దిగగానే కడుపు తిప్పుతుంది. రెండు రకాలవాళ్ళకూ ఒకే సిలబస్ పెడితే ఇద్దరికీ సగం సగమే అందుతుంది.

మనుషుల విషయంలో అసలు గండి వేరే. బోటుకు కావలసిన సంఖ్యలో మాత్రమే శిక్షణ ఇస్తే రెండేళ్ళకు ఇంజన్‌రూం ఖాళీ. కిరిబాటి, తువాలులలో వాణిజ్య నౌకలకు నావికుల్ని తయారుచేసే సంస్థలు ఎప్పటినుంచో ఉన్నాయి. విదేశీ ఓడల జీతం ఎంతో ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు. డీజిల్ ఇంజను విప్పి బిగించడం వచ్చినవాడు పోలీసు జీతం మీద ఎన్నాళ్ళుంటాడు? వాళ్ళ తప్పేం లేదు. నా అంచనాలో ఒక్కో ఇంజన్‌రూం పోస్టుకు ముగ్గుర్ని తయారుచేసుకోవాలి: ఒకడు బోటు మీద, ఒకడు ఒడ్డున లేదా సెలవులో, ఒకడు ఎలాగూ వెళ్ళిపోతాడు. దీన్ని ఒప్పందం దశలోనే రాసుకోకపోతే తర్వాత రాసుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

ఆస్ట్రేలియా నౌకాదళం నుంచి ఒక లెఫ్టినెంట్ కమాండర్ స్థాయి అధికారి గస్తీ సలహాదారుగా, ఒకరిద్దరు సాంకేతిక సలహాదారులు ఆయా దేశాల్లో కాపురం ఉంటారు. పేరుకు సలహాదారులే, ఆజ్ఞాపించే అధికారం లేదు. ఉండకూడదు కూడా. కానీ పార్టుల ఆర్డరు వాళ్ళ కంప్యూటర్ నుంచే పోతే, విమాన సరుకు వాళ్ళ పేరునే వస్తే, పేరు ఏదైనా స్టోర్స్ అధికారి వాళ్ళే అయిపోతారు. మంచి సలహాదారు గుర్తు ఒక్కటే: అతను సెలవు మీద పోయిన నెలలో కూడా ఆర్డర్లు ఆగవు.

అప్పగింతలో అందరూ ఫొటోలు తీసేది జెండా మార్చేటప్పుడు. అసలు అప్పగింత అంతకుముందు కొన్ని రోజుల పాటు లోపల జరుగుతుంది. ఇన్వెంటరీ అంటాం. బోటులో ఉన్న ప్రతి వస్తువూ జాబితాలో ఉంటుంది, ఇద్దరు నిలబడి ఒక్కోటి చూసి టిక్కు పెట్టాలి. ఫైర్ పంపు హోసు ఎన్ని మీటర్లు, లైఫ్ రాఫ్టు సర్వీసు తేదీ ఎప్పుడు, టార్క్ రెంచి పెట్టెలో ఉందా, ఇంజెక్టర్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే భాగం) ఊడదీసే ప్రత్యేక పనిముట్టు ఏ సొరుగులో. ఇక్కడే అలసట వస్తుంది. మధ్యాహ్నానికి మూత తీయకుండా పెట్టె లేబుల్ చూసి టిక్కు పెట్టేస్తారు. ఆర్నెల్ల తర్వాత సముద్రం మధ్యలో ఆ పెట్టె తెరిస్తే లోపల ఇంకేదో ఉంటుంది. నా నియమం: మూత తీసి చూడని పెట్టెకు సంతకం లేదు. ముఖ్యంగా సీళ్ళు, ఓ-రింగుల కిట్లు. పెద్ద పార్టు ఉండి, దానికి చుట్టూ వేసే పది గ్రాముల రబ్బరు రింగు లేకపోతే ఆ పెద్ద పార్టు ఇనుప ముద్దే.

బోటు సొంత రేవుకు చేరాక నిత్యకృత్యంలో అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది డీజిల్ ఎక్కించుకోవడం. చిన్న దీవుల్లో డీజిల్ పాత ట్యాంకుల్లోంచో డ్రమ్ముల్లోంచో వస్తుంది. వేడి, తేమ ఎక్కువ, రాత్రి చల్లబడగానే ట్యాంకు గోడలకు నీటిచెమ్మ పట్టి అడుక్కు దిగుతుంది. అందుకని హోసు తగిలించకముందే కొలకర్ర చివర నీటిని పట్టే పేస్టు పూసి ట్యాంకు అడుగుదాకా దించాలి. నీళ్ళుంటే ఎంత ఎత్తు వరకు ఉన్నాయో అంతవరకు పేస్టు రంగు మారుతుంది. తర్వాత గాజు సీసాలో శాంపిల్ పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. తేటగా మెరవాలి. మసకగా ఉంటే నీరు కలిసినట్టు, అడుగున నల్లటి పోగులుంటే బాక్టీరియా పెరిగినట్టు. నీరు, డీజిల్ కలిసే సరిహద్దులో అది బతుకుతుంది, జిగురులాంటి పొర కడుతుంది. రేవులో నిలబడ్డన్నాళ్ళూ ఏమీ తెలీదు. బయట అలల్లో ట్యాంకు కుదుపుకు అడుగు బురదంతా లేచి ఫిల్టర్లలోకి వస్తుంది. మామూలుగా వందల గంటలు నడిచే ఫిల్టరు ఆ రోజు ఒక్క పూటలో మూసుకుపోతుంది. ఇంజను ఆర్‌పీఎం దానంతటదే పడిపోతే ముందు చూడాల్సింది ఫిల్టరుకు రెండు వైపులా ఉన్న ఒత్తిడి తేడా. ఇంజెక్టర్ మీద అనుమానం తర్వాత. నీరు ఇంజెక్టర్ దాకా వెళ్ళనిస్తే దాని కొన చిట్లిపోతుంది, అప్పుడు ఖర్చు ఫిల్టరుది కాదు.

ఇంకో తరచు ఫిర్యాదు: "పన్నెండు నాట్ల దగ్గర బాగానే ఉంది, పద్దెనిమిది దాటితే వేడెక్కుతోంది." దీనికి రెండు దారులు. కూలెంట్ (ఇంజను చుట్టూ తిరిగి చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత ఒక్కటే పెరిగి, ఎగ్జాస్ట్ (బయటికి పోయే పొగ) ఉష్ణోగ్రత మామూలుగా ఉంటే సముద్రపు నీటితో చల్లబరిచే ఏర్పాటు వైపు చూడాలి: స్ట్రెయినర్లో నాచు, హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లో పేరుకున్న ఉప్పుపెచ్చు, అరిగిన పంపు ఇంపెల్లర్. కూలెంటూ ఎగ్జాస్టూ రెండూ పెరిగి నల్లపొగ వస్తుంటే, ఇంజను తన పూర్తి ఆర్‌పీఎం అందుకోలేకపోతుంటే, తప్పు ఇంజనుది కాదు. మనిషిని నీళ్ళలోకి దించి అడుగు, ప్రొపెల్లర్లు చూడమనాలి. గుల్లలు, నాచు పట్టి ఉంటాయి. అడుగున వేసే రంగు చాలావరకు బోటు కదులుతుంటేనే పనిచేస్తుంది. ఉష్ణమండలపు వెచ్చని లగూన్లో (పగడపు దిబ్బల లోపల నిలిచిన నీళ్ళలో) కొన్ని వారాలు కట్టేసి ఉంచితే చాలు, అవి పట్టేస్తాయి.

ఇక్కడొక విచిత్రం. డీజిల్ డబ్బు లేక బోటును కట్టేస్తే డబ్బు మిగులుతుందని లెక్కలశాఖవాళ్ళు అనుకుంటారు. అడుగున గుల్లలు పడతాయి, సీళ్ళు ఎండుతాయి, ఎగ్జాస్ట్ గొట్టాల్లో చెమ్మ తుప్పు పట్టిస్తుంది, బోటు లోహానికి బదులు తాము తుప్పు తినే జింకు దిమ్మలు కరిగిపోయి చూసేవాడుండడు, సిబ్బంది చేయి మరిచిపోతారు. తిరిగి బయల్దేరిన రోజు అదే 12 నాట్లకు ఎక్కువ డీజిల్ తాగుతుంది. తప్పనిసరిగా కట్టేయాల్సి వస్తే కనీసం వారానికోసారి రేవు దాటించి, ఇంజన్లను నిజమైన లోడు మీద ఒక గంట నడపాలి. కట్టేసిన చోటే ఐడిలింగ్‌లో (లోడు లేకుండా) పెట్టి నడపడం మరీ చేటు. చల్లటి సిలిండర్లో డీజిల్ పూర్తిగా కాలక ఎగ్జాస్ట్‌లోకి నూనె జిగట కారుతుంది.

విడిభాగాల రవాణా గురించి ఒక్క మాట. పార్టు ఎక్కడో దొరక్కపోవడం అరుదు. అది ఆగేది కస్టమ్స్‌లో. సరుకు ప్రభుత్వం పేర వచ్చిందా, సలహాదారు పేర వచ్చిందా, సుంకం మినహాయింపు కాగితం ఎవరు ఇస్తారు అన్నది తేలేసరికి వారాలు. ఈలోపు ఒక జనరేటర్ మీదే బోటు నడుస్తుంది. సరుకు బయల్దేరకముందే మినహాయింపు కాగితం తయారుగా ఉండేలా చూసుకోవడం ఇంజన్‌రూం పనుల్లో ఒకటని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

బోటు ఒక్కటే గస్తీ చేయలేదు, అది కూడా గుర్తుండాలి. లక్షల చదరపు కిలోమీటర్లలో 20 నాట్ల బోటు ఎటు పోవాలో ఎవరో చెప్పాలి. సాలమన్ దీవుల రాజధాని హొనియారాలోని ఫోరం ఫిషరీస్ ఏజెన్సీ (పసిఫిక్ దేశాల ఉమ్మడి చేపల సంస్థ) లైసెన్సు పడవల ట్రాన్స్‌పాండర్ సంకేతాలు (పడవ ఎక్కడుందో చెప్పేవి) చూస్తుంది, విమానాలు పైనుంచి చూస్తాయి. 2017 చివరినుంచి ఆస్ట్రేలియా ఖర్చుతో కింగ్ ఎయిర్ విమానాలు ఆ పని చేస్తున్నాయి. అవి చూపించిన చోటికి బోటు పోయి పడవెక్కి, లాగ్‌బుక్కు, కోల్డ్ స్టోరేజీలోని చేపలు సరిచూస్తుంది. ఇది కాక తుపాను సాయం, తప్పిపోయినవాళ్ళ వెతుకులాట, దూరదీవి నుంచి రోగిని తేవడం, ఎన్నికల పెట్టెలు మోయడం. ప్రజల దృష్టిలో బోటు విలువ చాలాసార్లు వీటివల్లే.

ఆయుధాల సంగతీ దాటేయలేం. ఆయుధం లేకుండా ఇచ్చినా, మెషిన్‌గన్ బిగించుకునే స్వేచ్ఛ పుచ్చుకున్న దేశానిది. సాలమన్ దీవుల్లో 2000 జూన్‌లో బోటు సాయుధ ముఠా చేతికి చిక్కి, దాని మెషిన్‌గన్‌ను ప్రత్యర్థుల మీద వాడారు. ఒప్పందంలో వాడకం గురించి ఎన్ని షరతులు రాసుకున్నా, బోటు కట్టే రేవు ఎవరి అదుపులో ఉందో వాళ్ళదే బోటు.

పాత తరం బోట్లకు వయసైపోయాక గార్డియన్ తరగతి అనే కొత్త తరం బోట్లు వచ్చాయి. 2016లో ఓడలు కట్టే ఆస్టల్ కంపెనీకి 19 బోట్లకు 30.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల కాంట్రాక్టు, తర్వాత సంఖ్య పెరిగింది. మొదటిది 2018 నవంబరు 30న మళ్ళీ పాపువా న్యూ గినీకే. పొడవు 39.5 మీటర్లు, 23 మందికి పడకలు, 12 నాట్లతో 3,000 నాటికల్ మైళ్ళు. ఈసారి తిమోర్-లెస్తేనూ జాబితాలో చేర్చారు. బోటు ఎనిమిది మీటర్లు పెరిగేసరికి జెట్టీలు చాలలేదు. కట్టే కొక్కేలు, ఒడ్డు కరెంటు, రేవు లోతు అన్నీ కొత్తగా చూసుకోవాల్సి వచ్చింది.

కొత్త బోటుకు కొత్త జబ్బులు. 2021లో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కప్లింగ్‌లో పగుళ్ళు బయటపడ్డాయి. 2022లో ఎగ్జాస్ట్ లోపంవల్ల మామూలుగా మనుషులుండని ఒక గదిలోకి కార్బన్ మోనాక్సైడ్ చేరుతోందని తేలింది. అన్నీ ఒకే నమూనా కావడంలో ఉన్న రెండో ముఖం ఇది: లోపం ఒకదానిలో దొరికితే అన్నింటిలోనూ వెతకాలి. ప్రమాదాలూ జరిగాయి. సమోవా బోటు నఫానువా 2 2021 ఆగస్టులో పగడపు దిబ్బెక్కి మరమ్మతుకు పనికిరాకుండా పోయింది. తువాలు బోటు 2023 మార్చిలో వనువాటులో ఉండగా జూడీ, కెవిన్ తుపాన్ల బారిన పడింది, బదులుగా ఇంకోటి ఇవ్వాల్సి వచ్చింది. ఫిజీ బోటు పువామావు 2024 జూన్‌లో తొలి గస్తీలోనే దిబ్బను తాకింది. ఏ ప్రమాదానికి ఏది కారణమో విచారణలు చెప్పాలి. ఆ నీళ్ళ గురించి మాత్రం ఒకటి చెప్పగలను. చాలా దిబ్బల చార్టులు ఏనాటివో సర్వేల మీద గీసినవి, జీపీఎస్ చూపే చోటుకూ చార్టులో గీసిన దిబ్బకూ తేడా ఉండొచ్చు. తెర మీద బోటు బొమ్మ నీలంలో ఉందని నమ్మి పోకూడదు, పైన ఒక మనిషి కళ్ళతో చూస్తూ నిలబడాలి.

ఇంజన్‌రూంలో వచ్చిన మార్పు మాత్రం బయటికి కనబడదు. కొత్త ఇంజనూ 3516 కుటుంబమే, 3516సి. పాతదాంట్లో ఇంజెక్టర్లు మెకానికల్: ర్యాకు (డీజిల్ మోతాదు మార్చే కడ్డీ) కదలిక చూసి, గేజి పెట్టి, చేత్తో సరిచేసుకునేవాళ్ళు. కొత్తదాంట్లో ఎలక్ట్రానిక్. సెన్సర్ ఏది చెడిందో చెప్పేది ల్యాప్‌టాప్, అందులో కంపెనీ సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు, ఇంజనుకు తగిలించే అడాప్టర్, కేబుల్. పాత బోటు మీద ఇరవై ఏళ్ళు చేసి, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన మెకానిక్ ఇప్పుడు పాస్‌వర్డు దగ్గర ఆగిపోతాడు. లైసెన్సు గడువు తీరితే ఎవరు కట్టాలన్నది ఖర్చుల పంపకం పేజీలో ఉందో లేదో చూసుకోవాలి. కొత్త బోటు ఇన్వెంటరీ చేసేటప్పుడు నేను మొదట తెరవమనేది ఆ ల్యాప్‌టాప్ పెట్టెనే. కేబుల్ చేత్తో పట్టుకుని, ఇంజనుకు తగిలించి, తెర మీద రెండు ఇంజన్ల సీరియల్ నంబర్లూ కనిపించాక టిక్కు.